వేరే తువ్వాలు

పొద్దున్నే గూడు ఊడుస్తుంటే చీపురుకి గుప్పెడు జుట్టు వచ్చింది. నాది కాదు. నా తలమీద ఊడాల్సిందంతా ఎప్పుడో ఊడింది, ఊడిగం ఒక్కటే ఊడకుండా ఉండిపోయింది. ఈ జుట్టు తెలుపూ గోధుమరంగూ కలిసి, కుదుళ్ళలో చుండ్రులాంటి పొట్టుతో ఉంది. వంగి గూట్లోకి చూశాను. ముద్దు మూలకి నక్కి కూర్చుంది. దాని వీపు మీద, సరిగ్గా తన పళ్ళు తనకి అందని చోట, చొక్కా బొత్తామంత మేర చర్మం బయటపడింది. పక్కనే బొద్దు గడ్డి నములుతూ, తనకేం సంబంధం లేనట్టు గోడకేసి చూస్తోంది. ప్రతి ఇంట్లోనూ ఒకళ్ళు అలా ఉంటారు.

ముద్దూ బొద్దూ మా ఇంటి గినీ పిగ్గులు. మా పిల్ల పుట్టినరోజుకి మావారు తెచ్చారు. కానుక పిల్లకి, పేరు ఆయనకి, పెంట నాకు. పిల్ల బాధ్యత నేర్చుకుంటుంది అన్నారు అట్టపెట్టె మూత తీస్తూ. వారం తిరక్కుండా ఆ బాధ్యతేదో నేనే నేర్చుకున్నాను. గోళ్ళు కత్తిరించడం, నీళ్ళ సీసా గొట్టంలో పట్టిన పాచి గీకడం, రోజూ ఇంత క్యాప్సికం ముక్క పడకపోతే వీటి చిగుళ్ళు పాడవుతాయని తెలుసుకోవడం, పెంటికలు చూసి కడుపులో సంగతి చెప్పడం. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, రెండూ ముందుకాళ్ళు చువ్వల మీద వేసి ఇల్లు లేచిపోయేట్టు కుయ్యికుయ్యిమంటాయి. ఇంటికొచ్చినవాళ్ళతో మావారు, చూశారా, నేనంటే వీటికెంత ప్రాణమో అని చెప్పుకుంటారు. ఆయన ఫ్రిజ్ తెరిచేది చల్లటి నీళ్ళ కోసం. అవి అరిచేది వచ్చింది నేననుకుని.

అత్తయ్య మొదటి రోజు నుంచీ వాటిని గిన్నెపందులు అంటున్నారు. నోరు తిరక్క కాదు, సరిచేసుకునేంత గౌరవం వాటికి ఇవ్వడం ఇష్టం లేక. ఆ మాట విన్నప్పుడల్లా సింకు ముందు నిలబడి నేను లెక్క సరిచూసుకునేదాన్ని. మా ఇంట్లో గినీ పందులు రెండు, గిన్నెల పంది ఒకటి.

గడ్డి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథకి గడ్డిపోచే దూలం. మావారిది గాజు, పింగాణీ సామాన్ల దుకాణం. కప్పులూ ప్లేట్లూ పగలకుండా పెట్టెల్లో కూరి పంపే ఎండుగడ్డి ఆయన గోడౌన్ నిండా ఉంటుంది. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే శుభ్రమైన గడ్డి కొందామని మొదట్లోనే అన్నాను. ఆయన నవ్వి, గడ్డికి కూడా బ్రాండు కావాలా నీకు అని, మర్నాడే రెండు మోపులు గుండెకి హత్తుకుని తెచ్చారు. పెళ్ళైన కొత్తలో తప్ప ఆయన దేన్నీ అంత ప్రేమగా హత్తుకోవడం నేను చూడలేదు. అప్పట్నుంచీ ఆదివారం వస్తే మోపు వస్తుంది. గడ్డిలో ఎలుక పెంటికలు కనపడుతున్నాయండీ అన్నాను ఓసారి. ఏరెయ్, అన్నారు.

చీపురుకి జుట్టు రావడానికి చాలా ముందే నేను ఇంట్లో చెప్పాను. ముద్దు వెనకకాలితో చెవి వెనకాల అదేపనిగా గోక్కుంటోందని, గోక్కుంటూ గోక్కుంటూ ఆగి పళ్ళు కటకటలాడిస్తోందని, చేత్తో తీసుకుంటే మునుపట్లా ఒళ్ళో ఒదిగిపోకుండా బిగుసుకుపోతోందని. జంతువన్నాక గోక్కోదా అన్నారు అత్తయ్య. మావారు టీవీ వైపు నుంచి తల తిప్పకుండా, రిమోట్‌తో పొట్ట గోక్కుంటూ, పని లేక దాన్నే చూస్తూ కూర్చుంటావు నువ్వు అన్నారు. పని లేకట. ఈ ఇంట్లో ఏది చిరగబోతోందో, ఏది అయిపోవస్తోందో, ఎవరి మొహం ఎందుకు వాడిందో అందరికంటే ముందు కనిపెట్టడం అనే పని ఒకటుంది. దానికి పేరు లేదు, సెలవు లేదు. చేస్తే ఎవరికీ కనపడదు. ఒక్కరోజు చేయకపోతే మాత్రం ఇల్లంతా కలిసి ఒకే గొంతుతో, నువ్వు చూసుకోవద్దూ అంటుంది. ఆయన పొట్ట మీద ఎర్రటి పొక్కులు వచ్చాయని కూడా నేనే చూశాను, నేనే చెప్పాను. చెమటకాయలు, వదిలెయ్ అన్నారు.

జుట్టు తెచ్చి చూపించేసరికి మాత్రం అత్తయ్య నిటారుగా కూర్చున్నారు. పురుగు పట్టిందన్నమాట అన్నారు. ఇంట్లోకి పురుగొస్తే వీధిలో పరువు పోతుందని ఆవిడ లెక్క. తీర్పు కూడా అక్కడికక్కడే ఇచ్చేశారు, నువ్వు శుభ్రంగా ఉంచకే ఇదంతా అని. గూడు నేను రోజూ కడుగుతానని ఆవిడకి తెలుసు. ఆ చప్పుడుకి పొద్దున నిద్ర పాడవుతోందని రోజూ చెప్పేది ఆవిడే. ఇంక ప్రతిరోజూ బట్టల సబ్బుతో వాటి ఒళ్ళు రుద్దమన్నారు. చెప్పింది చేయడానికి అలవాటుపడ్డ చేతులు కదా, రుద్దాయి. తడిసిన ముద్దు నా అరచేతిలో నిమ్మపండంత అయిపోయి వణికింది. రెండో స్నానానికి బొత్తామంత మచ్చ కాస్తా రూపాయిబిళ్ళంత అయింది, చుట్టూ చర్మం కందిపోయి పొలుసులు లేచాయి. ఇంక రుద్దను అన్నాను. చెప్పినమాట వినకపోతే ఎలా తగ్గుతుందన్నారు అత్తయ్య. సబ్బు పని చేస్తే సబ్బు గొప్ప, చేయకపోతే కోడలి తప్పు.

నేను ఒక పార్శిల్ సర్వీసు ఆఫీసులో పని చేస్తాను. ఫిర్యాదుల బల్ల నాది. పగిలిందని, తడిసిందని, పక్కింటికి వెళ్ళిందని ఊరంతా వచ్చి నా మీద అరుస్తారు. నేను ఏదో ఒక మాట విరిచి నవ్విస్తాను, సగం కోపం అక్కడే దిగిపోతుంది. అందుకే నాకు జోకులక్క అని పేరు. మా పార్శిళ్ళు చేరినా చేరకపోయినా నా జోకులు మాత్రం చెప్పిన చోటికి చేరతాయి. ఆ ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర యంత్రం ఉంది. అందరూ వేలు పెడతారు, పచ్చదీపం వెలుగుతుంది, లోపలికి వెళ్ళిపోతారు. నాకు ఎర్రదీపం. బొటనవేలు పెట్టి, చూపుడువేలు పెట్టి, చెయ్యి మార్చి, వేలు చీరకి తుడిచి మళ్ళీ పెట్టేసరికి నా వెనక వరస గేటుదాకా పెరుగుతుంది. ఓ రోజు మేనేజరు బయటికొచ్చి, అందరికీ పడుతుంది, మీకే ఎందుకు పడదు మేడమ్, ఎక్కడైనా దొంగతనం చేసి ముద్రలు చెరిపేసుకున్నారా అని అడిగాడు. వరసంతా నవ్వింది. దొంగలు ఇంట్లోనే ఉన్నారు సార్ అన్నాను. వరస ఇంకా నవ్వింది. యంత్రం గుర్తుపట్టని రోజున నేను రానట్టే లెక్క. వచ్చి, కూర్చుని, సాయంత్రందాకా ఊరి తిట్లన్నీ తిని కూడా రానట్టే.

నా వేళ్ళకి ముద్రలు లేవు. కొసలు గాజులా నున్నగా అరిగిపోయాయి, కణుపుల దగ్గర బీడునేలలో లాగా నెర్రెలు. గిన్నెల సబ్బు తగిలితే ఆ నెర్రెల్లో నిప్పు పోసినట్టుంటుంది. పెళ్ళైన కొత్తలో నీ చేతులు తామరపూలు అన్నారు మావారు. మాట నిలబెట్టుకున్నారు, తామరే వచ్చింది. ఇంట్లో చెప్పలేదా అంటే, చెప్పాను. మామూలుగా చెప్పినప్పుడు సణుగుతోంది అన్నారు. ఏడుస్తూ చెప్పినప్పుడు, ఇంత చిన్నదానికా అన్నారు. తామరపూల జోకు కట్టి చెప్పినప్పుడు పగలబడి నవ్వారు, ఆ జోకుని ఇంటికొచ్చినవాళ్ళకి మళ్ళీ నాచేతే చెప్పించారు. ఎలా చెప్పినా ఎవరూ చెయ్యి పట్టుకుని చూడలేదు. ఏదైనా క్రీము రాసుకోవోయ్ అన్నారు మావారు, ఏ క్రీమో చెప్పకుండా.

చివరికి చూసింది అత్తయ్యే. ముద్దు ఒంటిమీద పొట్టు దూదితో తుడుస్తుంటే వెనకనుంచి వచ్చి, ముందు దాని వీపూ తర్వాత నా వేళ్ళూ చూశారు. ఆవిడ కళ్ళముందే ఇన్నేళ్ళు కూరలు తరిగిన వేళ్ళు అవి. అప్పుడే మొదటిసారి చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశారు. నీకు అంటుకుందమ్మా అన్నారు. సాయంత్రానికల్లా బాత్రూంలో నాకొక వేరే తువ్వాలు వెలిసింది. అంచులు పీలికలై, నేల తుడవడానికని పక్కన పడేసిన పాత తువ్వాలు. దానికోసం విడిగా ఒక మేకు కూడా కొట్టించారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకంటూ ఆ ఇంటి గోడలో దిగిన మొదటి ఆస్తి ఆ మేకు. దాంతోపాటు వేరే దువ్వెన, వేరే సబ్బు. పడకేమో గినీ పిగ్గులుండే చిన్నగదిలోకి. మావారు నా దిండు తెచ్చి, గుమ్మం అవతలే నిలబడి, చెయ్యి బారచాపి అందించారు, కొద్ది రోజులే కదా అని.

మర్నాడు పొద్దున మా పిల్లకి జడ వేయబోయాను. తల వెనక్కి లాక్కుంది. నాయనమ్మ వేస్తుందిలే అమ్మా అంది, నా మొహం చూడకుండా. సగం అల్లిన జడ నా వేళ్ళలోంచి పాయలుపాయలుగా విడిపోయింది. దానిమీద నాకు జోకేదీ తట్టలేదు.

ఆ రోజు భోజనాలయ్యాక నేను సింకు దగ్గరికి వెళ్ళలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. అంటువ్యాధి మనిషిని, అంట్లు ఎలా అంటుకుంటాను అని. ముగ్గురూ నావైపు చూశారు, సింకు వైపు చూశారు, మళ్ళీ నావైపు చూశారు. అప్పుడు అత్తయ్య ఎంతో లాలనగా అన్నారు.

"గిన్నెలదేముందమ్మా, సబ్బుతోనే కదా తోమేది. ఏం కాదు."

మావారు తలూపారు. ఆ తలూపడం నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది. నేను తుడుచుకున్న తువ్వాలు వాళ్ళకి తగలకూడదు, నేను దువ్విన దువ్వెన తగలకూడదు, నా పక్కన పడుకోకూడదు. నేను తోమిన కంచంలో తినొచ్చు, నేను కడిగిన గ్లాసులో తాగొచ్చు, నేను ఉతికిన చొక్కా తొడుక్కోవచ్చు. మా ఇంట్లో జబ్బు కూడా ముందు వాళ్ళ సౌకర్యం కనుక్కుని, ఎక్కడెక్కడ అంటుకోవచ్చో అనుమతి తీసుకుని మరీ అంటుకుంటుంది. లేచి తోమాను. సబ్బు నురగలో నా చేతులు మండుతుంటే, వెనక గదిలో ముద్దు పళ్ళు కటకటలాడించడం వినిపించింది. నా పళ్ళు కూడా అదే చప్పుడు చేస్తున్నాయని కాసేపటికి తెలిసింది.

కంచాలు తుడిచి పెట్టేలోపు మావారు ఇంకో నిర్ణయం చెప్పారు. ఆదివారం గోడౌన్‌కి వెళ్ళేటప్పుడు రెండింటినీ పట్టుకెళ్ళి అక్కడ వదిలేస్తారట. బోలెడంత గడ్డి ఉంది, ఎలుకలు బతకడం లేదా, వాటితోపాటే ఇవీ బతుకుతాయి అన్నారు. పిల్లకి మాత్రం స్నేహితుడి ఇంట్లో ఇచ్చానని చెబుతాను, నువ్వు నోరు జారకు అని కూడా అన్నారు. డాక్టరుకి చూపిద్దామండీ అన్నాను. ఎలుకంత జంతువుకి డాక్టరేంటి అని నవ్వారు. ఆ ఒంటితో ముద్దు గోడౌన్‌లో ఒక్కపూట ఆగదని నాకు తెలుసు. ముద్దు పోతే బొద్దు మేత మానేస్తుందని కూడా తెలుసు. ఆదివారం ఎంతో దూరంలో లేదు.

శుక్రవారం పొద్దున నీళ్ళసీసా మారుస్తూ ముద్దు వీపుని వేలికొసతో ఊరికే తాకాను. అంతే, అది పక్కకి పడిపోయి, కాళ్ళు కొట్టుకుంటూ, మెడ వెనక్కి విరుచుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి చిన్న చప్పుడైనా రాలేదు. నేను కేక పెట్టాను. ఎవరూ రాలేదు, అత్తయ్య మాత్రం తమ గదిలోంచే, కాఫీ పొంగిందా అని అడిగారు. కాసేపటికి ముద్దు తనంతట తనే లేచి, ఏమీ జరగనట్టు మూలకి వెళ్ళి కూర్చుంది. ఆ ఏమీ జరగనట్టు కూర్చోవడం చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేసి రావడం లేదన్నాను. ఎలాగూ మీ యంత్రం గుర్తుపట్టదు, వచ్చాననే అనుకోండి అన్నాను. మూతున్న కూరగాయల బుట్టలో రెండింటినీ పెట్టి, ఆ గడ్డే ఇంత వేసి, బస్సెక్కాను.

పశువుల డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. పెద్ద చేతులు, చిన్న గొంతు. ఏంటి ఇబ్బంది అని అడిగారు. నేను మొదలుపెట్టాను. ముందు చెవి వెనక, తర్వాత వీపు, దురద ఎక్కువయ్యేది ఏ వేళ, మేత ఎంత తగ్గింది, పెంటికలు ఎలా మారాయి, సబ్బు స్నానం తర్వాత ఏమైంది, పొద్దున వచ్చిన మూర్ఛ ఎలా ఉంది. మధ్యలో, ఇదంతా అనవసరమేమోనని ఆగాను. ఆవిడ పెన్ను పట్టుకుని, చెప్పండి, ఆపకండి అన్నారు. నేను అడగాల్సిన ప్రశ్నలన్నిటికీ మీరే జవాబులు చెబుతున్నారు, ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు నా దగ్గరికి తక్కువ వస్తారు అని కూడా అన్నారు. పనిలేక చూస్తూ కూర్చుంటానండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ముద్దు వీపు అంచున సన్నటి బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టుని గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నన్ను కూడా చూడమన్నారు. గుండ్రటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు ఎనిమిది. కంటికి ఆననంత పురుగు. ఎనిమిది కాళ్ళున్నా ఎక్కడికీ పోదు, దొరికిన చోటే మకాం వేసి తింటూ కూర్చుంటుంది. నాకు ఎవరో గుర్తొచ్చారు. ఎవరని అడగకండి, ఆయనకి కాళ్ళు రెండే.

ఇది మురికి వల్ల వచ్చేది కాదు, సబ్బుతో పోయేదీ కాదు అన్నారు డాక్టరమ్మ. పురుగు చర్మంలో ఉంటే పైన సబ్బు రుద్దడం వల్ల ఉన్న కాస్త నూనె పోయి ఇంకా పగిలిందట. దురద భరించలేకే ఆ మూర్ఛలట. రెండింటినీ తూకం వేసి, బొద్దు పైకి బాగానే ఉన్నా దానికి కూడా, మెడ వెనక చుక్కలమందు వేశారు. మళ్ళీ కొన్నాళ్ళకి తీసుకురమ్మన్నారు. గూటిని మరిగే నీళ్ళతో కడగాలి, చెక్కసామాను పారేయాలి, స్నానాలు పూర్తిగా మానాలి. బతుకుతుందా అని అడిగాను. బతుకుతుంది, సమయానికే తెచ్చారు అన్నారు. ఇంత బాధలో ఒక్కసారైనా అరవలేదేంటండీ అని అడిగాను. ముద్దు మీద కోపంగానే అడిగాను.

"ఇవి జబ్బు దాచుకుంటాయమ్మా. బాగాలేదని బయటపడితే వేటాడేవాళ్ళు ముందు దాన్నే పట్టుకుంటారు. అందుకని చివరిదాకా మామూలుగా తింటున్నట్టు, తిరుగుతున్నట్టు నటిస్తాయి."

ఆ మాట విన్నాక బుట్టలో ముద్దు వైపు చూడలేకపోయాను. ఇన్నేళ్ళుగా నేను విరిచిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఫిర్యాదుల బల్ల దగ్గర ఊరికి వేసినవి, సింకు దగ్గర నాకు నేను వేసుకున్నవి, అతిథుల ముందు తామరపూలు. నన్ను జోకులక్క అన్నవాళ్ళు, నీకన్నీ వేళాకోళమే అన్నవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు దాని వెనక ఏముందని అడిగారా. నవ్వించకుండా చెబితే వినని ఇంట్లో నవ్వించడం నేర్చుకుంటే, నవ్వుతూనే ఉంది కదా, దీనికేం బాధ అన్నారు. అడవిలో జంతువుకి పులి భయం. నాలుగు గోడల మధ్య, నా మనుషుల మధ్య, నేను ఎవరికి భయపడి దాచుకోవాల్సి వచ్చింది? దాచుకున్నావెందుకని రేపు అడిగేది కూడా వాళ్ళే. నాకు ఏడుపు రాలేదు. బల్ల అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నానో, కణుపు దగ్గర నెర్రె విచ్చి రక్తం వచ్చింది.

డాక్టరమ్మ ఆ చేతిని తీసుకుని, తిప్పి, అరచెయ్యీ వేళ్ళ సందులూ చూశారు. అలవాటు కొద్దీ తామరపూల జోకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు, చెయ్యి వదల్లేదు. ఇది ఈ పురుగుది కాదు, దీనికంటే చాలా పాతది, మనుషులకి నేను వైద్యం చేయకూడదు, పై అంతస్తులో చర్మం డాక్టరున్నారు, ఇప్పుడే వెళ్ళండి, బుట్ట నేను చూసుకుంటాను అన్నారు.

పై డాక్టరు వేలు చూసిన మరుక్షణం ఏ సబ్బని అడిగాడు. ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు. పెళ్ళైనప్పట్నుంచి అన్నాను. ఇది ఎవరికీ అంటుకోదు అన్నాడు. గిన్నెలూ బట్టలూ తోమీ ఉతికీ సబ్బు తిన్న చర్మం ఇది. అంటువ్యాధి కాదు, అంట్లవ్యాధి అన్నమాట. పూత రాసిచ్చి, పూర్తిగా మానేదాకా సబ్బు నీళ్ళు ముట్టుకోవద్దు, ఇంట్లో వేరే ఏర్పాటు చేసుకోండి అన్నాడు. వేరే ఏర్పాటు కూడా కింద మందుల దుకాణంలో దొరుకుతుందనుకున్నాడో ఏమో.

బుట్ట తీసుకుందామని కిందికి దిగితే డాక్టరమ్మ గడ్డిపోచల్ని పట్టకారుతో తిరగేస్తున్నారు. ఇందులో ఎలుక పెంటికలున్నాయి, పురుగు ఎక్కింది ఈ గడ్డిలోంచే అయ్యుంటుంది అన్నారు. ఆ తర్వాత తలెత్తి ఇంకొకటి అడిగారు.

"ఈ గడ్డి ఎవరు మోసుకొస్తారు? వాళ్ళకి ముంజేతుల మీదా పొట్టమీదా ఎర్రటి పొక్కులు, దురద ఏమైనా ఉన్నాయా?"

నాకు మోపు గుర్తొచ్చింది. గుండెకి హత్తుకోవడం గుర్తొచ్చింది. రిమోట్ గుర్తొచ్చింది. ఉన్నాయండీ, చెమటకాయలని పేరు పెట్టుకున్నారు అన్నాను. ఆ పురుగు మనిషి ఒంటిమీద కాపురం పెట్టదు గానీ కుడుతుందట. గడ్డి పోతే అదే తగ్గుతుందట. అందాకా ఆయన బట్టలూ తువ్వాలూ విడిగా ఉంచి వేడినీళ్ళలో ఉతకమన్నారు. తువ్వాలు అనే మాటని ఆవిడ చాలా మామూలుగా అన్నారు.

ఇంటికి వచ్చి ముందు గూడు కడగలేదు. రబ్బరు తొడుగులు వేసుకుని గడ్డి మొత్తం సంచుల్లో కుక్కి, మూతి బిగించి చెత్తబండికి ఇచ్చేశాను. గూటికి కొత్త గడ్డి, కింద పరిచే గుడ్డలు నేనే కొనుక్కొచ్చాను. మరిగే నీళ్ళు నేనే పోసి, తర్వాత చన్నీళ్ళు మా పిల్లచేత పోయించాను. దూరంగా నిలబడి పోస్తూ, అమ్మా, ముద్దుది నీకు అంటుకుందా అని అడిగింది. లేదే, నాది ఎవరికీ అంటుకోదట, డాక్టరు చెప్పాడు అన్నాను. గిన్నె కింద పెట్టి, నా దగ్గరికి వచ్చి వీపు తిప్పి కూర్చుంది. జడ సగం ఊడిపోయి ఉంది. తొడుగులు తీసి అల్లాను. ఈసారి పాయలు జారలేదు.

సాయంత్రం మావారు ఆదివారానికని రెండు చేతుల్లో ఒక పెద్ద అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. గాలికి కన్నాలు కూడా పొడిచి ఉన్నాయి. దానిమీద దుకాణం అచ్చు ఉంది, పగిలే వస్తువులు, జాగ్రత్తగా పట్టుకోగలరు అని. నాకు ఇరవై జోకులు తట్టాయి, ఒక్కటీ వేయలేదు. డాక్టరు చెప్పినదంతా ఒక్కొక్కటే చెప్పాను. ముద్దు బతుకుతుందని, రెండూ ఇక్కడే ఉంటాయని, మురికి వల్ల రాలేదని, నా చేతులది సబ్బు పని అని, అది ఎవరికీ అంటుకోదని, మానేదాకా నేను సబ్బు నీళ్ళు ముట్టుకోకూడదని.

అంటుకోదు అన్న దగ్గర అందరి మొహాలూ విచ్చుకున్నాయి. అత్తయ్య, అమ్మయ్య, మేకు పీకించేస్తాను అన్నారు. మావారు, ఇంకేం, దిండు తెచ్చుకుని మన గదికి వచ్చెయ్ అన్నారు. సబ్బు అన్న దగ్గర ఎవరి మొహమూ కదల్లేదు. ఆ ముక్క గాలిలో అలాగే ఉండిపోయింది, వీధిలో ఎవరి పేరో పిలిచినట్టు. దిండు అక్కడే ఉండనివ్వండి, చిన్నగదిలో నాకు నిద్ర బాగా పడుతోంది అన్నాను. మావారు అర్థంకానట్టు చూస్తూ, అట్టపెట్టె అంచుకి ముంజెయ్యి రాసుకున్నారు. ఒకసారి చొక్కా చేతులు పైకి మడవండి అన్నాను. ఎందుకన్నారు. మడవండి అన్నాను. మణికట్టు నుంచి మోచేతిదాకా ఎర్రటి పొక్కులు, గోళ్ళ చారలు.

"నాన్నా, నీకు అంటుకుంది," అంది మా పిల్ల.

ఎండలో తిరిగే మగాడికి దద్దుర్లు రావా అని అత్తయ్య మొదలుపెట్టారు గానీ, గడ్డి సంగతీ ఎలుకల సంగతీ డాక్టరమ్మ మాటల్లోనే చెప్పేసరికి ఆవిడ కుర్చీ తనంతట తనే కొడుకు పక్కనుంచి కొంచెం ఇవతలికి జరిగింది. నేను బాత్రూంలోకి వెళ్ళి మేకు మీది తువ్వాలు తీశాను. తగ్గేదాకా ఇది మీదండీ అని ఆయన చేతిలో పెట్టాను. పీలికల అంచుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఇది నేల తుడిచేది కదా అన్నారు. అవును, ఇన్నాళ్ళూ నేను తుడుచుకున్నది కూడా అదే అన్నాను.

భోజనాలు అయ్యాయి. కంచాలు సింకులోకి వెళ్ళాయి. నేను చేతులకి పూత రాసుకుని, చిన్నగది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ముద్దుకి క్యాప్సికం ముక్క పెట్టాను. పొద్దున్నుంచి మొదటిసారి అది ఉన్నచోటు నుంచి కదిలి వచ్చి అందుకుంది. వెనకాల ముగ్గురూ నావైపు చూడటం, సింకు వైపు చూడటం, మళ్ళీ నావైపు చూడటం వీపుకి తెలుస్తూనే ఉంది. చివరికి మావారు వచ్చి ఎదురుగా నిలబడి, పొక్కులున్న రెండు చేతులూ చాపి చూపించారు. ఈ చేతులతో గిన్నెలెలా ముట్టుకోనోయ్, పిల్ల తినే కంచాలు కదా, అంటుకుంటే అన్నారు.

నేను గొంతు పెంచలేదు, నవ్వించలేదు.

"గిన్నెలదేముందండీ, సబ్బుతోనే కదా తోమేది. ఏం కాదు."